ఊయల ఊపే గాలిమర

కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకే మా ఊరికి లారీలు వస్తాయి. గుంటూరుకు దగ్గరలో, సాగరు కాలువ కింద ఉన్న ఊరు మాది. మిరపకాయలు ఎర్రబడే రోజులవి. లారీల్లోంచి మనుషులు, మూటలు, వంటగిన్నెలు, కోళ్లు, పిల్లలు దిగుతారు. “కర్నూలు వాళ్లొచ్చారు” అంటారు మా వాళ్లు. మర్నాటి నుంచి చేల గట్ల మీద చీర ఊయలలు కనిపిస్తాయి. ఎండలు ముదిరేసరికి ఊయలలూ ఉండవు, వాళ్లూ ఉండరు. చిన్నప్పుడు వాళ్లను చూస్తే నాకు వానకు ముందు లేచే తూనీగలు గుర్తొచ్చేవి. ఎక్కడినుంచో వస్తారు, ఎక్కడికో పోతారు. ఆ ‘ఎక్కడ’ అనేది ఒక ఊరని, అందులో ఒక బడి ఉంటుందని ఈ జనవరిలో చూసి వచ్చాను.

నేను చేసే పని ఏమిటో చెప్తే మా బంధువులు నవ్వుతారు. చిన్న బడుల పిల్లలకు ఇంజనీరింగ్ పరిచయం చేసే ఓ చిన్న బృందంలో ఉన్నాను. పిల్లలకు అట్టముక్కలు, చీపురుపుల్లలు, దారం, సైకిలు పుల్లలు, సీసా మూతలు ఇస్తాం. మీ ఇంట్లో ఎవరికి ఏ పని కష్టంగా ఉందో కనుక్కోండి అంటాం. ఆ కష్టం తగ్గేట్టు ఏదైనా చేయండి అంటాం. విరిగితే ఎందుకు విరిగిందో చూసి మళ్లీ చేయమంటాం. ఇన్నాళ్లూ నా వంతు అట్టలు కత్తిరించి సంచుల్లో సర్దడమే. నిలబడి మాట్లాడేది బృందాన్ని నడిపే శారదక్క. పెద్దవాళ్లు నలుగురు నావైపు చూస్తే నా మాట గొంతు దాకా వచ్చి వెనక్కి దిగిపోతుంది. పుస్తకాలతో, డైరీతో అయితే గంటలు మాట్లాడగలను.

బయల్దేరాల్సిన వారంలో శారదక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది.

“నువ్వు ఒక్కదానివే వెళ్లాలి” అంది ఫోన్లో. “ఎర్రగుంట్ల, కల్లూరు బడులు అలవాటు పడ్డానికి. అసలు పని మంత్రాలయం దగ్గరి ఊళ్లో. అక్కడి లలితా టీచర్ సగం క్లాసు వచ్చే వారం తల్లిదండ్రులతో సుగ్గికి పోతుందట.”

సుగ్గి అంటే పంట కోతల కాలం, ఆ కోతలకు వలస పోవడం. ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

“పిల్లల్ని వదిలి వెళ్తే బడిలోనే తిండీ పడకా ఇచ్చే హాస్టల్ పెడతారు. కానీ ఎవరూ వదలరు. చివరి రోజు తల్లిదండ్రుల్ని పిలిచిందామె. పిల్లలు చేసినవి చూపించి నువ్వు మాట్లాడాలి. ఒక్క పిల్ల ఆగినా చాలు.”

రైలెక్కాక కూడా ఆ చివరి మాట నా చెవిలోనే ఉంది.

ఎర్రగుంట్ల

నల్లమల అడవిలో రైలు సొరంగాల్లోకి దూరి బయటికొచ్చిన ప్రతిసారీ వెలుగు రంగు మారినట్టు అనిపించింది. మా వైపు ఉదయం ఆకుపచ్చగా మొదలవుతుంది. ఇక్కడ ముందు రాయి తెల్లవారుతుంది, తర్వాత మట్టి, చివర్లో ఎక్కడో ఓ చెట్టు. చేలకు ముళ్లకంచెల బదులు నిలువు బండలు పాతి ఉన్నాయి. ప్రార్థనకు వరసగా నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయవి, కొన్ని పక్కవాడి మీద వాలిపోయి.

ఎర్రగుంట్లలో వేపాకు కూడా బూడిదరంగులో ఉంది. సిమెంటు దుమ్ము. స్టేషను బయట ఎర్రకారం దోసె తిన్నాను. మిరపకాయల దేశం నుంచి వచ్చిన దాన్ని కదా, నాకేమవుతుందిలే అనుకున్నాను. రెండో ముక్కకే కళ్లు కారాయి. దోసె పోసే ఆమె మంచినీళ్ల చెంబు జరుపుతూ, “యా ఊరు పాపా?” అంది. చెప్పాను. “మీ కాయే గదమ్మా ఇది! మీ ఊరి కారానికే ఏడుస్తాండావా?” అని పక్కనున్న లారీ డ్రైవర్లకు కూడా చెప్పింది. వాళ్లంతా ఒక్కసారి నావైపు తిరిగేసరికి మిగిలిన దోసె తల ఎత్తకుండా ముగించాను.

బడిలో వంతెనలు చేయించాను. రెండు బల్లల మధ్య చీపురుపుల్లలతో, దారంతో వంతెన కట్టి, ఎన్ని రాళ్లు మోస్తుందో చూడాలి. మా వైపు పిల్లలైతే ఒక్కో గులకరాయి పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తారు, వంతెన నిలిస్తే చప్పట్లు కొడతారు. ఇక్కడ పిల్లలు దోసిళ్లతో పోశారు. చాలామంది నాన్నలు లారీల మీద పనిచేసేవాళ్లే. వంతెన ఫెళ్లుమనగానే కేరింతలు.

“ఓవర్‌లోడ్ మేడం! మా నాయన బండి ఇట్లే పోతాది!”

“విరగకుండా ఉండాలమ్మా” అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఒక చిన్నపిల్ల బల్ల పక్కన చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. “చెక్‌పోస్టు మేడం. నేను ఈడ ఉంటే ఎక్కువ రాళ్లు పోనీను. పోవల్లంటే నాకొక చాక్లెట్టు ఇయ్యల్ల.”

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల కాపలా కాసిన వంతెన ఒక్కటే ఆ రోజు సాయంత్రం దాకా నిలిచింది. నేను మాట్లాడింది మొత్తం పది వాక్యాలు కూడా ఉండవని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల ముందైతే ఎలాగో గడుస్తుంది. ఆ చివరి ఊళ్లో పెద్దవాళ్లు ఉంటారు.

కల్లూరు

నంద్యాల దాటాక బస్సు కిటికీలోంచి కొండల మీద గాలిమరలు కనిపించాయి. తెల్లటి రెక్కలు ఎంత నిదానంగా తిరుగుతున్నాయంటే, అవి తిరగడం లేదు, కొండే వాటి కింద కదులుతోంది అనిపించింది. నా పక్క సీటులో ఓ పెద్దాయన కునికిపాట్లు పడుతూ, “మా ఊరోళ్లు వాటిని ఫ్యాన్లంటారమ్మా. అంత పెద్ద ఫ్యాన్లు పెట్నారు, ఉక్క మాత్రం తగ్గలేదు” అని మళ్లీ నిద్రలోకి జారిపోయాడు.

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో ఎటు చూసినా సగం కట్టిన ఇళ్లు. షేర్ ఆటోలో నా పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర పెట్టె గొళ్లెం ఊడింది. సీసా మూతలు, రబ్బరు బ్యాండ్లు, సైకిలు పుల్లలు రోడ్డంతా పరుచుకున్నాయి. డ్రైవరు తెల్లగడ్డం ఆయన, ఆటో ఆపి దిగాడు.

“పరేషాన్ కావద్దు బేటీ. ఏందివన్నీ? పాతసామాన్ల యాపారమా?”

“కాదండీ. పిల్లలకు ఇంజనీరింగ్…”

“యా అల్లా! ఇంజనీరింగ్ అంతా రోడ్డు మీద పడిపాయె. ఏరండి, ఏరండి!”

ఆటోలో ఉన్నవాళ్లంతా దిగి ఏరారు. ఒకామె తన కొంగులో మూతలు తెచ్చి నా పెట్టెలో పోసింది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టి ఆపి, “బాగా చెప్పు పాపా పిల్లోళ్లకి” అంది. ఎవరో, ఏమో.

ఆ రాత్రి శారదక్క పిన్ని రూతమ్మగారింట్లో ఉన్నాను. క్రిస్మస్ అయిపోయి రోజులు గడిచినా గుమ్మం ముందు కాగితం నక్షత్రం ఇంకా వెలుగుతోంది. “తీయబుద్ధి కాలేదు తల్లీ. ఎవరైనా వస్తే దారి తెలుస్తాది గదా” అంది ఆవిడ. జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి, అదే మా వేరుశనగ పొడి, పెట్టింది. పొద్దున్నే ఉగ్గాని. మేం మరమరాలనే బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, తాలింపు వేసి చేస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా ఇంట్లో మరమరాలంటే జబ్బుపడ్డప్పుడో, సాయంత్రం కాలక్షేపానికో. ఇక్కడ అవి పొద్దుటి పూట రాజ్యమేలుతున్నాయి. బజారులో ముప్పై రూపాయలకు బజ్జీలతో కడుపు నిండుతుందట.

రాత్రి భోజనం దగ్గర రూతమ్మగారు మొదట వంట గురించి, తర్వాత మందిరంలో పాటల గురించి, ఆ తర్వాత నా గురించి అడిగింది. ఆఖరి ఊరు తలుచుకుంటేనే అన్నం దిగడం లేదని చెప్పేశాను. చెప్పానంటే నాకే ఆశ్చర్యం.

“మా యమ్మ కూడా సుగ్గికి పోయేది” అంది ఆవిడ రొట్టె తిరగేస్తూ. “శానామంది వచ్చి చెప్పినారమ్మా ఆమెకి, పిల్లల్ని చదివించు, పిల్లల్ని చదివించు అని. ఒక్కరు గూడా అడగలా, యాలమ్మా పిల్లని ఎంటబెట్టుకుని పోతాండావు అని.”

కాసేపాగి నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

“నీకు మాట్లాడడం రాకపోతే అడుగు తల్లీ. అడిగేదానికి పెద్ద గొంతు అక్కర్లేదు.”

తుంగభద్ర

కల్లూరు బడి ముగించుకుని మంత్రాలయంలో లలితా టీచర్ ఇంట్లో దిగాను. ఆవిడ నన్ను ముందు నదికి తీసుకెళ్లింది. జనవరి తుంగభద్ర రాళ్ల మధ్య పాయలు పాయలుగా, ఎవరో జడ అల్లడం మొదలుపెట్టి మరిచిపోయినట్టు ఉంది. గట్టున సగం మాటలు కన్నడం. తులసిమాలలు అమ్మే ఆవిడ దగ్గర చిల్లర లేక తడబడుతుంటే, “దుడ్లు మళ్ల ఇద్దువులే, ముందు దర్శనం చేసుకో పో” అంది. తిరిగొచ్చేదాకా నేను ఎగ్గొట్టనని ఆమెకెలా తెలుసో. మఠంలో ఇచ్చిన పరిమళ ప్రసాదం ముక్కను కాగితంలో మడిచి దాచుకున్నాను. ఆ వాసన ఇప్పటికీ నా డైరీ పేజీల్లో ఉంది.

“రేపు పిల్లలు, ఎల్లుండి పెద్దోళ్లు” అంది లలితా టీచర్. “భయపడొద్దు. వాళ్లు తిట్టరు. నవ్వుతారు, ‘సరే మేడం’ అంటారు, సోమవారం లారీ ఎక్కుతారు. అదే నాకు భయం.”

బడి

ఆ ఊరి పేరు రాయను. టీచర్‌కు ఇబ్బంది రావొచ్చు. నల్లరేగడి నేల, నడుముకు కూడా అందని శనగ చేలు, వాటి మీదుగా అడ్డూ ఆపూ లేని గాలి. నాపరాళ్లు పరిచిన రెండు గదుల బడి. గాలికి తలుపు తనంతట తానే మూసుకుని, తెరుచుకుని, ఎవరో వస్తూ పోతూ ఉన్నట్టు ఉండేది.

“మేడం, నీది యా ఊరు?”

“గుంటూరు దగ్గర.”

తరగతి మొత్తం లేచి నిలబడింది. నాకంటే వాళ్లకే బాగా తెలుసు మా ప్రాంతం. ఆడ కాలువ ఉండాది. ఆడ నీళ్లు శానా. ఆడ తెల్లబోయిన కాయని తాలు అంటారు, దాన్ని వేరే కుప్ప పోయల్ల. మా కాలువలో ఈత నేర్చుకున్నవాడు ఒకడు. నాలుగో తరగతి పిల్ల ఒకతి మొహమాటంగా, “మీ ఊర్లో దోమలు శానా మేడం” అంది. క్షమించమన్నాను. పెద్ద మనసుతో క్షమించింది. ఆ పిల్ల పేరు ఉరుకుందమ్మ. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు అది. ఆ వైపు ఇంటికొకరు ఉంటారట ఆ పేరుతో.

మామూలు ప్రశ్న అడిగాను. ఇంట్లో ఎవరికి ఏం కష్టం? నీళ్ల బిందెలు మోసే అమ్మ, నడుం నొప్పి నాన్న, చూపు ఆనని తాత అందరూ వచ్చారు. ఉరుకుందమ్మ వంతు వచ్చింది.

“నాకే మేడం కష్టం.”

“నీకేం కష్టం?”

“తొట్టిల ఊపేది.”

తొట్టిల అంటే ఊయల. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. “మా తమ్ముడు ఇంగా పాకుతాండాడు. మాయమ్మ కాయలు పెరికేటప్పుడు వాన్ని ఎవరు చూస్తారు? అందుకని నన్ను పిల్సుకోని పోతాండారు. తొట్టిల అదే ఊగితే నేను ఈడనే ఉంటా.”

అంతవరకు శారదక్క ఎన్నో బడుల నుంచి తెచ్చిన బొమ్మలు చూశాను. సామాన్లు ఎత్తే కప్పీలు, నీళ్లు తోడే గిన్నెలు. ఒక పిల్ల తన బదులు పని చేయడానికి ఒక యంత్రం కావాలని అడగడం ఎప్పుడూ వినలేదు.

నా పెట్టెలో ఒక కాగితం పిట్ట ఉంది. వంకీ తిప్పిన సైకిలు పుల్లను తిప్పితే, దానికి కట్టిన దారం పైకీ కిందికీ లాగి రెక్కలు ఆడిస్తుంది. ఉరుకుందమ్మ ఆ పిట్టను విప్పేసింది. “ఈ పుల్లని గాలి తిప్పితే?” అంది. కొండ మీది ఫ్యాన్లను ఆ పిల్ల లారీలోంచి చూసిందట, పోయిన ఏడాది.

మొదటిది అట్టతో చేసింది. రెక్కలు తిరిగాయి కానీ దారం పుల్లకే చుట్టుకుపోయింది. విప్పి, వంకీ దగ్గర దారాన్ని ముడి వేయకుండా వదులుగా ఉంగరంలా వేసింది. ఈసారి ఊగింది. బొమ్మ ఊయలలో రాయి పెడితే ఆగింది. “వాడు రాయి కన్నా బరువు మేడం” అని దిగులుపడింది. ఎవరింటి వెనకనుంచో పాత సైకిలు చక్రం వచ్చింది. అట్టకు బదులు బడి గోడ వెనక పడి ఉన్న ఏదో ఎన్నికల ఫ్లెక్సీ కత్తిరించారు. ప్రతి రెక్క మీదా అందులోని నాయకుడిది ఒక్కో ముక్క వచ్చింది. ఒకదాని మీద కన్ను, ఒకదాని మీద మీసం, ఒకదాని మీద దండం పెట్టిన చేతులు. వరండా స్తంభానికి కట్టి వదిలితే ఆయన గిర్రున తిరిగాడు.

“ఇన్నాళ్లకి ఒక పని చేస్తాండాడు” అంది లలితా టీచర్.

వరండా దూలానికి చీర ఊయల కట్టి, అందులో గుడ్డ చుట్టిన ఇటుకలు పెట్టారు. దారం లాగింది, వదిలింది. ఊయల ముందు ఒణికింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా ఊగింది. పిల్లలెవరూ అరవలేదు. ఇటుకలు నిద్రపోతున్నట్టు, లేపకూడదన్నట్టు నిలబడ్డారు.

పెద్దవాళ్లు

మర్నాడు పొద్దు వాలుతుండగా వచ్చారు. ఆడవాళ్లు నాపరాళ్ల మీద కూర్చున్నారు, మగవాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఉరుకుందమ్మ అమ్మ నరసమ్మ ఒళ్లో పిల్లాడితో ముందు వరసలో ఉంది. గడప పక్కన స్తంభానికి ఆనుకుని మోకాళ్లు చాపుకుని నాయనమ్మ ఈరమ్మవ్వ. లలితా టీచర్ నావైపు చూసి తల ఊపింది.

లేచి నిలబడ్డాను. రాత్రి అద్దం ముందు చెప్పుకున్న మాటలన్నీ ఉన్నాయి, గొంతు లేదు. గాలి తలుపును తెరిచింది, మూసింది. ఎవరో దగ్గారు. రూతమ్మగారి వంటింటి పొయ్యి వెలుగు ఎందుకో కళ్ల ముందు మెదిలింది.

“ఈసారి సుగ్గికి… ఎవరెవరు పోతున్నారు?” అని అడిగాను.

“ఎవరు పోరో అడుగు మేడం, బిరిక్కన అయిపోతాది” అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు. నవ్వులో నా భయం కాస్త కరిగింది. నాది ఫలానా ఊరని, మా ఇంటి వెనకే మిరప చేలని చెప్పాను.

“కాలువ గట్టు మీద బోరింగు ఉండాదే, ఆ ఊరా?” అంది నరసమ్మ. “రెండేండ్లు ఆన్నే పెరికినాం గదా, ఈ తూరీ ఆడికే! నీళ్లు తీపి.”

అంతే, నేను మేడంని కాకుండా పోయాను. ఈసారి ధర ఉందా, కాయ బాగుందా, ఆ బోరింగు పనిచేస్తోందా అని అందరూ నన్నే అడిగారు. తెలిసినవి చెప్పాను. ఇక నా వంతు వచ్చిందనిపించింది.

“నరసమ్మక్కా, పాపను ఎందుకు తీసుకెళ్తున్నారు?”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇష్టమయ్యి కాదు మేడం. ఈడు చెట్టు కింద ఒక్కడే ఉంటే చీమలు కుడతాయి, పాములు తిరుగుతాయి. నేను సాళ్లలో ఉంటా. ఎవరు చూడల్ల?”

ఉరుకుందమ్మ అదే మాట కోసం కాచుకున్నట్టు లేచింది. ఇటుకలు తీసేసింది. “వాన్ని ఇట్లియ్యి మా” అంది.

నరసమ్మ వరండాలోకి వచ్చి పిల్లాణ్ని ఊయలలో వేసి, చెయ్యి అడ్డం పెట్టుకునే నిలబడింది. గాలి వచ్చింది. కన్ను, మీసం, చేతులు కలిసిపోయి ఒక రంగుల చక్రమైంది. దారం లాగింది, వదిలింది. ఊయల కదిలింది. గోడకు ఆనుకున్న మగవాళ్లు ముందుకు వచ్చారు. పిల్లాడు కాసేపు పైకి చూసి, తిరిగేదాన్ని చూస్తూ చూస్తూ రెప్పలు వాల్చాడు. శనగ చేల మీద పొద్దు బంగారంగా పరుచుకుంది. అందరం ఏదో కలలో ఉన్నట్టు, ఆ కల ఎవరిదో తెలియనట్టు నిలబడ్డాం.

అప్పుడు గాలి పడిపోయింది. చక్రం నెమ్మదించి ఆగింది. మీసం పైకి వచ్చి నిలిచింది. పిల్లాడు కదిలి, కళ్లు తెరిచి, ఏడుపు లంకించుకున్నాడు.

“గాలి ఆగితే?” అంది నరసమ్మ. ఎగతాళిగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు కూతుర్ని అడిగింది.

ఉరుకుందమ్మ చక్రాన్ని చేత్తో తిప్పింది. అది రెండు చుట్లు తిరిగి ఆగింది. మళ్లీ తిప్పింది. ఆ పిల్ల చేతినే చూస్తున్నాం అందరం. చక్రం తిప్పాలన్నా ఆ చెయ్యే ఉండాలి అక్కడ. ఆ సంగతి ఆ పిల్లకూ అర్థమైంది. పెదవి బిగించింది, ఏడవలేదు.

 

ఈరమ్మవ్వ గడప దగ్గరనుంచి కూర్చున్నచోటనే జరుగుతూ వచ్చింది. చక్రం నుంచి దారం విప్పింది. దాన్ని తన కాలి బొటనవేలికి చుట్టుకుని, స్తంభానికి వీపు ఆనించి, కాలు ఆడించింది. ఊయల ఊగింది. పిల్లాడు వెక్కి వెక్కి ఊరుకున్నాడు.

“నీ నాయన్ని ఇట్లే ఊపినా మే” అంది మనవరాలితో. “నిద్రబోతా కూడా ఊపుతుంటి.”

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. మగవాళ్ల మధ్య ఉన్న కొడుకు వైపు చూసింది. “నేనొస్తే?”

“నువ్వా? ఆ మోకాళ్లతో లారీ ఎక్కుతావా మా?” అన్నాడతను. “మేకలెవరు చూస్తారు? పోయిన తూరే నా వల్ల కాదని నిలిచిపోయినావు గదా.”

“మేకల్ని నీ తమ్ముడు చూస్తాడు. ఎక్కిస్తే ఎక్కుతా. కాయలు పెరకమంటే నాతో కాదు. కాలాడించేదానికి మోకాలెందుకు?”

ఉరుకుందమ్మ అవ్వ దగ్గరికొచ్చి కూర్చుంది. “నువ్వు పోతే నేను ఎవరి కాడ పండుకోవల్ల?” అప్పుడు ఏడ్చింది, అంతసేపూ దాచుకున్నదంతా. ఊళ్లో ఉండిపోతే అవ్వ దగ్గరే ఉంటాననుకుంది ఆ పిల్ల. ఆ లెక్క ఇప్పుడు తప్పింది.

“హాస్టల్లో నా పక్కనే పండుకో” అంది లలితా టీచర్. “ఈ ఏడు నేనూ ఈడనే ఉంటాండా.”

నరసమ్మ పిల్లాణ్ని ఎత్తుకుంది. మొగుడి వైపు, అత్త మోకాళ్ల వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూసింది. “చూద్దాంలే అత్తా” అంది. “పొద్దు పోతాండాది.”

 నాకు అందరూ చెంగుల్లోంచి వేయించిన శనగలు పెట్టారు. బస్సెక్కేటప్పుడు రెండు చేతులూ నిండి, ఎవరికీ చెయ్యి ఊపలేకపోయాను.

మిరప చేను

తిరిగొచ్చాక లలితా టీచర్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. చేయలేదు. తెలియని దాంట్లోనే ఇంకొన్నాళ్లు ఉండాలనిపించింది. శారదక్క మంచం మీదనుంచే, “ఎలా మాట్లాడావు?” అని అడిగితే, “మాట్లాడలేదక్కా, అడిగాను” అన్నాను.

లారీలు వచ్చాయి. రెండు రోజులు ఆగి, బోరింగు దాటి, కాలువ గట్టు వెంట నడిచాను. చేలన్నీ ఎర్రగా, ఆ ఎరుపులో వంగిన వీపులు. నేను ఎవరినీ పేరు పెట్టి పిలవలేక ఒక్కో గట్టూ చూసుకుంటూ పోయాను. ఒక తుమ్మచెట్టుకు నీలం చీర ఊయల కట్టి ఉంది. నెమ్మదిగా ఊగుతోంది.  చెట్టు మొదలు చుట్టూ తిరిగి చూశాను.

ముందు కాలు కనిపించింది. బొటనవేలికి దారం. మోకాలికి పసరు కట్టు. ఈరమ్మవ్వ చెట్టుకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతూ కూడా ఊపుతుందన్నది నిజమే.

నా నీడ పడగానే కళ్లు తెరిచింది. గుర్తుపట్టింది. “వచ్చినావా. మా పాప ఏం చేస్తాందో ఫోన్లో సూపిచ్చు” అంది, నేను అందుకే వచ్చానన్నట్టు.

ఫోన్ కలిసింది. లలితా టీచర్ ముఖం, తర్వాత వరండా, తర్వాత గాలిమర. గిర్రున తిరుగుతోంది, దాని దారం ఖాళీగా ఎగురుతోంది. ఆ తర్వాత తెర నిండా ఉరుకుందమ్మ. రెండు జడలు, రెండూ కాస్త వంకరగా. అవి వేసింది టీచరే అయ్యుండాలి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చేలోనుంచి నరసమ్మ తల ఎత్తి చూసి, చెయ్యి ఊపి, మళ్లీ వంగింది.

“అవ్వా” అంది ఉరుకుందమ్మ. “ఆడ గాలి ఉండాదా?”

“గాలెందుకే” అంది అవ్వ, కాలు ఆడిస్తూనే. “నేనుండానుగా.”